ముడి ఎవరి కోసం?

మొన్న ఆదివారం పొద్దున్నే ఇడ్లీపిండిలో గరిటె పెట్టానో లేదో, అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోన్లో ప్రత్యక్షమయ్యాడు. బొమ్మతో సహా! ఈ రోజుల్లో మేనల్లుళ్ళు ఉత్తరాలు రాయరు. తిన్నగా వంటింట్లోకే వొచ్చేస్తారు. మనం జుట్టు ముడేసుకున్నామో లేదో కూడా చూడరు.

"అత్తా! నీకు తాళ్ళ గురించి ఏమన్నా తెలుసా?" అన్నాడు.

"బావిలో చేంతాడు తెలుసు, మెడలో పసుపుతాడు తెలుసు. నీకే తాడు కావాల్రా?" అన్నాను.

వాడు నవ్వి సంగతి చెప్పాడు. ఈ మధ్య ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడట. మనవూళ్ళో కూరగాయలు తెచ్చే చిన్న ట్రక్కులాంటిదే, కాకపోతే ఏనుగంత వుంటుంది. దాని వెనకతొట్టిలో పెట్టుకునే ఒక బుల్లి ఇల్లు కూడా కొన్నాడట. అందులో మంచం, పొయ్యి, నీళ్ళతొట్టి, కిటికీకి తెర, అన్నీ వున్నాయి. ఆ యింటిని బండి మీద పెట్టుకుని, సెలవులకి పెళ్ళాంతో కొండలూ ఎడారులూ తిరుగుతాడట. ఇల్లు కదలకుండా నాలుగు మూలలా కట్టాలి. ఆ కట్టే సరంజామా రెండు రకాలు. ఒకటి చవక, తొట్టి అంచు రేకుకి పట్టు వేసి బిగించేది. రెండోది ఖరీదు, బండి కిందవున్న చట్రానికి, అంటే ఛాసిస్‌కి, ఇనపచేతులు దిగవేసి వాటికి కట్టేది. తనకి చవకది చాలనిపిస్తోంది, భార్య ఖరీదైనదే కావాలంటోంది. ఇద్దరికీ మూడురోజులనుంచి మాటల్లేవు.

"నువ్వు నవలలు రాస్తావు గదా, మా కథకి ముగింపు చెప్పు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మన భాష చూడండి. ఇల్లూ కడతాం, చీరా కడతాం, తాళీ కడతారు, కథ కూడా కడతాం. కట్టు, కట్టుబాటు, కట్టుబడి, కట్టుబట్టలు, ఆనకట్ట, కనికట్టు... ఒక్క మాట చుట్టూ మన బతుకంతా తిప్పి కట్టేశాం. ముళ్ళకి మాత్రం కరువా? జారుముడి, పీటముడి, కొంగుముడి, బ్రహ్మముడి. ఇన్ని ముళ్ళున్న భాషలో పుట్టి, ఒక పెట్టెని బండికి ఎలా కట్టాలో చెప్పలేనా అనుకుని నోరు తెరిచాను.

తెరిచిన నోరు అట్లాగే వుండిపోయింది. ఎందుకంటే నాకొక పాప కాలు గుర్తొచ్చింది.

ఆ సంగతి చెబుతాను. ఇప్పటిదాకా ఇంట్లోవాళ్ళతో తప్ప ఎవరితోనూ అనలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వొచ్చింది, గుర్తుందా? ఆ నెల 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దాటబోయేముందు మా నెల్లూరు తీరాన్ని బాగా తడిపి వెళ్ళింది. మా అత్తగారు అప్పటిదాకా మైపాడు దగ్గర, సముద్రం హోరు వినిపించేంత దూరంలో, పాతింట్లో ఒక్కరే వుండేవారు. ఎన్నిసార్లు రమ్మన్నా "నా ఇల్లు నాకుండాది గదా" అనేవారు. ఆ తుఫానుకి వంటింటి గోడ వొరిగింది. ఇక ఆవిడ మాట సాగలేదు. ఆ నెలాఖర్లో మినీ ట్రక్కు ఒకటి మాట్లాడుకుని, ఆవిణ్ణీ ఆవిడ సామాన్నీ నెల్లూరు తెచ్చేందుకు వెళ్ళాం.

నలభై ఏళ్ళ కాపురం ఒక ట్రక్కులో పట్టేస్తుందని నేననుకోలేదు. ఇనపబీరువా, ధాన్యం డ్రమ్ము, ట్రంకుపెట్టె, రోలు, పొత్రం, పరుపుచుట్టలు, అన్నింటిపైనా ఒక ఇనప మడతమంచం. డ్రైవరు కుర్రవాడు పాపం జాగ్రత్త గలవాడే. బీరువా కింద గోనెసంచులు పరిచాడు. "ఇనుం మీద ఇనుం పెడితే జారుద్దమ్మా, గోతం వుంటే పట్టుకుంటది" అన్నాడు. నైలాన్ తాడు ఒకటి సామానంతటి మీదుగా వేసి, నడుమ ఒక మెలిక తిప్పి, కొసని కింద కొక్కేనికి తగిలించి మళ్ళీ ఆ మెలికలోంచి తీసి లాగాడు. తాడు వీణతీగలాగా బిగిసింది. ఆ ముడి నాకెంతో ముచ్చటేసింది.

తర్వాత రెండో తాడు అందుకుని, "పైన మంచానికి విడిగా అడ్డంగా ఒకటెయ్యాల. పది నిమిషాలు" అన్నాడు.

అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. మబ్బు పట్టింది. పెద్దావిడ తడుస్తారు. ఇంటికెళ్ళి వంట చెయ్యాలి. "చాల్లే అబ్బయ్యా! ఇరవైఅయిదు కిలోమీటర్లేగా, పోనీ" అన్నాను.

అతను ఒక్క క్షణం ఆగి తాడు చుట్టి లోపల పెట్టేశాడు. బాడుగ ఇచ్చేవాళ్ళ మాట మరి!

అత్తగారూ నేనూ ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. నా వొళ్ళో ఆవకాయజాడీ. అది పగిలితే ఏడాది కష్టం పోతుందని రెండు చేతులా కరుచుకుని కూర్చున్నాను. దారిలో చిన్న జల్లు పడింది. ఇందుకూరుపేట దాటాక ఒక స్పీడ్‌బ్రేకరు. బండి ఎగిరిపడింది. వెనక ఏదో చప్పుడు, ఆ వెంటనే ఒక కేక.

దిగి చూస్తే మడతమంచం రోడ్డు నడుమ పడివుంది. దాని వెనక, మోపెడ్ మీద వొస్తున్న ఒకాయన దాన్ని తప్పించబోయి, రోడ్డు దిగి కాలవగట్టున పడ్డాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆయనతో పాటు ఏడెనిమిదేళ్ళ పాప. ఆ తల్లికి ఏమీ కాలేదు. ఒక చెప్పు మాత్రం కాలవలో పడి కొట్టుకుపోతోంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు వుత్తిది. అట్లా నిలబడి, ఏడవకుండా, పోతున్న చెప్పునే చూస్తోంది.

ఆయన లేచి బట్టలు దులుపుకుని అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "మీ సామానేం పగల్లేదు గదమ్మా?"

నా చేతుల్లో ఆవకాయజాడీ ఇంకా అట్లాగే వుంది. దాన్ని దింపడం కూడా మర్చిపోయి కిందికి దిగాను. ఒక్క చుక్క నూనె కూడా చిందలేదు దాంట్లోంచి.

డబ్బిస్తే తీసుకోలేదు. మోకాలికి మా అత్తగారు తన పాతచీర చించి కట్టారు. పాపకి చెప్పుల కోసమైనా అని నేను బతిమాలితే, "పోన్లేమ్మా, పాతయ్యేలే" అని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. పేరయినా అడగలేదు నేను.

ఇంటికొచ్చి చెబితే మావారు, "ఎవరికీ ఏం కాలేదు గదా, దేవుడి దయ. ఇక వొదిలెయ్" అన్నారు. ఓదార్పు మాటే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికీ ఏం కాకపోవడం దేవుడి దయ అయితే, నేను చేసింది ఏమిటి? ఆయన మోపెడ్ ఇంకో నాలుగడుగులు ముందుండి వుంటే? అప్పుడు నేనన్న 'చాల్లే' అనే మాట పేరు మారిపోయేది గదా! అప్పుడు దాన్ని నేరం అనేవాళ్ళు. ఆ సమయానికి వెనక ఎవరూ లేకపోతే? మంచం ఎత్తి మళ్ళీ పెట్టుకుని, "అయ్యో, మంచం పడింది, చూశారా!" అని నవ్వుకుంటూ వొచ్చేవాళ్ళం. అది హాస్యకథ అయ్యేది. మూడుచోట్లా నేనన్న మాట ఒకటే, చేసిన తొందర ఒకటే. తేడా అంతా వెనక ఎవరున్నారన్నదే. దాన్ని నిర్ణయించింది నేను కాదు.

డిగ్రీలో నాకు తత్వశాస్త్రం ఒక పేపరు. ఆ పిచ్చి ఇప్పటికీ పోలేదు. 1976లో ఇద్దరు తత్వవేత్తలు, ఇంగ్లండులో బెర్నార్డ్ విలియమ్స్, అమెరికాలో థామస్ నేగెల్, సరిగ్గా ఈ చిక్కుముడి మీదే చెరో వ్యాసం రాశారు. దానికి 'నైతిక అదృష్టం' అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఇద్దరికీ ఉదాహరణగా తట్టినవాడు లారీడ్రైవరే! బ్రేకులు సరిచూసుకోకుండా బయల్దేరిన డ్రైవరు సంగతి చూడండి అంటాడు నేగెల్. దారిలో పిల్లవాడు అడ్డం రాకపోతే అతని తప్పు చిన్నది, వొస్తే జన్మంతా మోయాల్సినది. నిర్లక్ష్యం మాత్రం రెండుచోట్లా గింజ ఎత్తు తేడా లేదు. విలియమ్స్ ఇంకొంచెం ముందుకెళ్ళాడు. అసలు ఏ తప్పూ లేని డ్రైవరు బండి కింద ఒక బిడ్డ పడితే, చూసినవాళ్ళు పడే బాధ వేరు, నడిపినవాడు పడే బాధ వేరు. మనం అతణ్ణి ఓదారుస్తాం. కాని అతను చప్పున ఓదారిపోతే, ఇదేం మనిషిరా అని మనకే అనిపిస్తుంది. అట్లా అనిపించడం సబబే అంటాడు.

పుస్తకంలో చదివినప్పుడు బాగుందనుకున్నాను. ఇందుకూరుపేట దగ్గర రోడ్డు మీద నిలబడ్డాక గానీ అర్థం కాలేదు.

మన పెద్దవాళ్ళు కూడా ఫలం మన చేతిలో లేదన్నారు. ఆ మాటని మనం ఎంత తెలివిగా వాడుకుంటున్నామో చూడండి! ఏదైనా చెడిపోతే "మన చేతుల్లో ఏముంది" అని చేతులు కడిగేసుకోవడానికి వాడుతున్నాం. ఫలం చేతిలో లేదంటే, చెయ్యడం చేతిలో వుందనే గదా అర్థం? వెనక ఎవరొస్తారో నా చేతిలో లేదు. రెండో తాడు మాత్రం నా కళ్ళెదుట డ్రైవరు చేతిలోనే వుంది. నేనే వొద్దన్నాను.

మర్నాడు సాయంత్రం అత్తగారు పెరట్లో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. నేను మళ్ళీ ఆ మాటే ఎత్తాను. ఆవిడ తల ఎత్తకుండానే, "తాడుదేముంది అమ్మాయ్, దేనికి కట్టినామో చూసుకోవాల" అని 1989 నాటి సంగతి చెప్పుకొచ్చారు.

ఆవిడ పుట్టిల్లు కావలి దగ్గర తుమ్మలపెంట. కార్తీకమాసమని పుట్టింటికి వెళ్ళివున్నారట. ఆ నవంబరులో వొచ్చిన తుఫాను మామూలుది కాదు. థాయిలాండు సింధుశాఖలో మొదలై, దారిలో ఒక చమురు తవ్వే ఓడని బోల్తా కొట్టించి 91 మంది ప్రాణాలు తీసి, బంగాళాఖాతం అడ్డంగా దాటుకుని కావలి దగ్గర ఒడ్డెక్కింది. తుఫాను కబురు తెలియగానే పల్లెలో అందరూ ఇళ్ళ కప్పుల మీద పాతవలలు పరిచి తాళ్ళతో బిగించారు. ఆవిడ తండ్రిగారు కూడా తాటాకుల పశువుల కొట్టానికి అట్లాగే వలేసి, కొత్త మోకులు తెచ్చి కట్టారు. తెల్లారి చూస్తే ఏముంది? వల చెక్కుచెదరలేదు, మోకు తెగలేదు, ముడి వీడలేదు. కప్పు మొత్తం, కట్టిన గుంజలతో సహా పెకలించుకుని పక్క చేలో పడివుంది!

"కట్టు గట్టిదే. గుంజలే మూరెడు లోతన్నా పాతలా. గట్టి కట్టు లోతులేని గుంజకి కడితే, గుంజని కూడా ఎత్తుకుపోద్ది" అన్నారు.

ఈ మాటే ఆదివారం మా మేనల్లుడికి చెప్పాను. చెప్పి అడిగాను. "నీ చవకరకం సరంజామా తెగుతుందా?"

"తెగదత్తా, అదీ గట్టి ఉక్కే."

"మరి అది పట్టుకునే రేకు?"

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత నిజాయితీగా రెండువైపుల వాదనా చెప్పాడు. తొట్టి రేకు పలచన. కొన్ని కొత్త బండ్లకి తొట్టి అల్యూమినియంతోనే చేస్తున్నారు. గుంతల్లో పడి లేచినప్పుడు టన్ను బరువున్న ఇల్లు ఎగిరెగిరి లాగితే రేకు చిరిగినా చిరగొచ్చు. చట్రం అట్లా కాదు, బండికి అది వెన్నెముక. అయితే మెలికల దారిలో చట్రం ఒకవైపు, తొట్టి ఒకవైపు కాస్త మెలితిరుగుతాయట. తొట్టికే కడితే ఇల్లూ తొట్టీ ఒక్కటిగా ఆడతాయని, చట్రానికి కడితే ఆ తేడా అంతా ఇంటి మూలల మీద పడుతుందని ఇంకొందరి వాదన. అందుకనే కట్టే కడ్డీల్లో స్ప్రింగులు పెడతారట, గట్టిగా పట్టుకుంటూనే అంగుళమో అరంగుళమో ఇచ్చిపుచ్చుకునేందుకు. మరీ బిగించినా ఇంటి మూలలే పగుల్తాయట.

వినగా వినగా నాకు ముచ్చటేసింది. అక్కడ కూడా ఇంటికింద రబ్బరుచాప పరుస్తారట, జారకుండా. మా డ్రైవరు గోనెసంచి శాస్త్రమే! తాడు చేసే పని సామాన్ని పట్టుకోవడం ఒక్కటే కాదు, దాన్ని కిందికి అదమడం. అదిమితే కింద పట్టు పెరుగుతుంది. ఆ పట్టే సామాన్ని నిలబెడుతుంది. బండికి బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ సామాను ఆగదు, ముందుకి ఉరుకుతుంది. అందుకే అమెరికాలో లారీలకి ఒక నిబంధన వుంది. సామాను బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో అది ముందుకి ఉరికినా, సగం బలంతో వెనక్కీ పక్కలకీ జరిగినా కట్టు ఆపగలగాలి. అంటే నూరుకిలోల బీరువా ఎనభైకిలోల బలంతో డ్రైవరు వీపు మీదికి వొస్తుందని ముందే అనుకుని కట్టాలన్నమాట. మనదేశంలో కూడా 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు. సామాను బండి హద్దులు దాటి బయటికి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా. చట్టం మంచిదే. కాని పోలీసు కంటికి బయటికి పొడుచుకొచ్చింది కనపడుతుంది. లోపల వదులుగా వున్న మడతమంచం కనపడొద్దూ? అది కట్టినవాళ్ళకే కనపడాలి.

ఆ నిబంధనల్లో ఇంకొకటి నాకెంతో నచ్చింది. బయల్దేరాక మొదటి 50 మైళ్ళలోపు బండి ఆపి, దిగి, కట్టు మళ్ళీ చూసుకోవాలట. ఎందుకంటే నిలబడివున్న బండిలో బిగుసుగా వున్న తాడు, కాస్త దూరం కుదుపులు తిన్నాక అట్లాగే వుండదు. సామాను సర్దుకుంటుంది, తాడు సాగుతుంది. పైగా తాడు గుణం తాడుది. పీచుతాళ్ళు, నూలుతాళ్ళు తడిస్తే ముడుచుకుని బిగుస్తాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. ఆవేళ మా బండి మీద జల్లు పడ్డప్పుడు మా ఒక్కగానొక్క తాడు చేసిన పని అదే అయివుంటుంది. మధ్యలో ఆగి, దిగి, ఒక్కసారి చేత్తో తట్టి చూసివుంటే! కాని ముడి ఒకసారి పడితే జన్మంతా నిలుస్తుందని మనకి గదా నమ్మకం? పెళ్ళిముడి దగ్గర్నుంచి పెట్టెముడి దాకా, వేసేప్పుడు చూపే శ్రద్ధ ఆ తర్వాత ఎవరు చూపిస్తున్నారు?

"మరి నీకు ఇల్లు పడిపోతుందని భయమా?" అని అడిగాను మేనల్లుణ్ణి.

"పడితే ఇన్స్యూరెన్సు వుందిలే అత్తా. ఇల్లు కొత్తది కొనుక్కోవచ్చు."

"మరి మీ ఆవిడ ఎందుకంత పట్టుబడుతోంది?"

"దానికో పిచ్చి. హైవే మీద మన వెనక ఎవరో పిల్లల్ని కార్లో వేసుకుని వొస్తుంటారు కదా అంటుంది."

ఇడ్లీపిండి గరిటె కింద పెట్టేశాను. మొహమైనా సరిగా చూడని ఆ పిల్ల, నేను నలభైదాటాక ఒక పాప చెప్పు పోగొట్టి నేర్చుకున్న సంగతిని ఏ దెబ్బా తగలకుండానే తెలుసుకుంది.

చూడండి, మనం జాగ్రత్త అనే మాటని ఎప్పుడూ మన వస్తువులతోనే కలిపి వాడతాం. జాడీ జాగ్రత్త, గాజులు జాగ్రత్త, పిల్లాడు జాగ్రత్త. మనవి అనుకున్న వాటిని వొళ్ళో పెట్టుకుని రెండు చేతులా కరుచుకుంటాం. అదీ ప్రేమే, కాదనను. కాని మన వెనక వొచ్చేవాళ్ళు మన వొళ్ళో లేరు. వాళ్ళు మనకి కనపడరు, మనం వాళ్ళకి కనపడతాం. మన బండి మీద ముడి సరిగా పడిందో లేదో వాళ్ళు చూసుకోలేరు. పడిందనే నమ్మకంతో వొస్తుంటారు. ఆ నమ్మకం ఎవరూ సంతకం పెట్టి తీసుకున్నది కాదు. రోడ్డెక్కిన ప్రతివాడూ ముందువాడికి అప్పుగా ఇచ్చేది. మోపెడ్ ఆయన నాకట్లా ఇచ్చాడు. నేను ఎగ్గొట్టాను.

రోడ్డు మీదే అనుకోకండి. పనిమనిషి ఎదుట, చుట్టాల ఎదుట, 'ఇంట్లోవాళ్ళమేగా' అనుకుని వదులుగా వదిలేసిన మాట ఎవరి బతుకు మీద పడుతుందో మనం వెనక్కి తిరిగి చూస్తామా? మాట జారింది అంటాం. జారుతుంది మరి, రెండో తాడు వెయ్యకపోతే!

అయితే అన్నింటినీ బిగించి కట్టడమే ధర్మమా అంటే, దానికి కూడా మా అత్తగారే జవాబిచ్చారు.

నెల్లూరు వొచ్చిన కొత్తల్లో ఆవిణ్ణి గడప దాటనిచ్చేవాళ్ళం కాదు. బజారుకెళితే బండ్లు, మేడెక్కితే కాలు జారుతుంది. అన్నీ మా ప్రేమే! నెలరోజులు ఓర్చుకుని ఒకరోజు అన్నారు. "అమ్మాయ్, సామాన్ని కట్టినట్టు మనిషిని కట్టొచ్చునా? రేవులో పడవని చూళ్ళా? తాడు వదిలి కడతారు. బిగించి కడితే పోటొచ్చినప్పుడు పడవే పగిలిపోద్ది."

అక్షరాలా నిజం. మా తీరంలో వెనకటి తెప్పల్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది. వాటికి మేకులుండవు. మొద్దుల్ని పక్కపక్కన పేర్చి తాళ్ళతో కడతారు, అంతే. అల వొస్తే మొద్దులు కాస్త ఒదిగి, మళ్ళీ సర్దుకుంటాయి. వేట నుంచి వొచ్చాక కట్లు విప్పి మొద్దుల్ని ఎండబెట్టేవాళ్ళు. పొద్దున్నే మళ్ళీ కట్టు. దాన్నే అరవంలో కట్టుమరం అంటారు, అంటే కట్టిన మాను. తెల్లవాళ్ళు ఆ మాటనే పట్టుకెళ్ళి 'కటమరాన్' చేసుకున్నారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఫైబరు పడవలూ మోటార్లే కనపడుతున్నాయి గానీ, రోజూ విప్పి రోజూ కట్టుకునే ఆ కట్టులోని ఒడుపు మరెక్కడా చూడలేదు నేను.

అంచేత, బండి మీద సామాను కదలకూడదు, రేవులో పడవ కదలాలి. ఏది సామానో ఏది పడవో పోల్చుకోవడంలోనే వుంది మన వివేకమంతా. నేను ఆవేళ రెండూ తిరగేశాను. మంచాన్ని వదులుగా వదిలేశాను, మనిషిని బిగించి కట్టాను. ఇప్పుడు అత్తగారు నెలకి రెండుసార్లు మైపాడు బస్సెక్కి వెళ్ళి, సముద్రం చూసి, పాతింటి ముంగిట నీళ్ళు చల్లి వొస్తున్నారు. వెళ్ళేప్పుడు నేను "జాగ్రత్త" అంటాను, ఆవిడ "సర్లే" అంటారు. అంతే తాడు.

1960లో జాన్ స్టెయిన్‌బెక్ అనే అమెరికా నవలారచయిత, యాభైఎనిమిదో ఏట, ఇట్లాంటి ఇల్లొకటి ట్రక్కు మీద కట్టుకుని, చార్లీ అనే కుక్కని తోడు తీసుకుని తన దేశం చూడడానికి బయల్దేరాడు. ఆ బండికి డాన్ కిహోటీ గుర్రం పేరు పెట్టుకున్నాడు, రోసినాంటే అని. 1962లో ఆ ప్రయాణం పుస్తకమై వొచ్చింది, ఆ యేడే ఆయనకి నోబెల్ బహుమతీ వొచ్చింది. ఇల్లు వెంటబెట్టుకుని లోకం చూడాలనే ఆశ ఎవరికుండదు? నాకూ వుంది. కాని ఇల్లు వెంటబెట్టుకుని రోడ్డెక్కినవాడు తన ఇంటికే కాదు, దారికి కూడా యజమానే.

నిన్న మేనల్లుడు మళ్ళీ ఫోన్లో కనిపించాడు. చట్రానికి కట్టేదే బిగించుకున్నాడట, భార్య మాటే నెగ్గింది. మొదటి ప్రయాణం చేసొచ్చారు. "నువ్వు చెప్పావని యాభై మైళ్ళకి ముందే ఆగి చూశానత్తా. మూడుమూలలూ సరిగ్గా వున్నాయి, ముందు కుడివైపుది మాత్రం అరచుట్టు వదులైంది" అన్నాడు. పక్కనుంచి వాడి భార్య, "అరచుట్టు కాదు అత్తయ్యగారూ, ఒకటిన్నర!" అంది. ఇద్దరికీ మాటలు కలిశాయి, అదే పదివేలు.

ఆ మోపెడ్ ఆయన మళ్ళీ కనపడలేదు. కాని అత్తగారి మిగిలిన సామాను కోసం ఆ తర్వాత ఇంకోసారి అదే డ్రైవరుతో వెళ్ళాం. ఈసారి రెండు తాళ్ళు వేశాడు. నేను దగ్గర నిలబడి చూశాను, తొందరపెట్టలేదు. ఇందుకూరుపేటకి ఇవతలే, నేనడక్కుండానే బండి పక్కకి ఆపాడు. అతను ఒకవైపు నుంచి, నేను ఇంకోవైపు నుంచి, చేత్తో తట్టి చూశాం. నావైపు తాడు కాస్త వదులైంది. చెప్పాను. బిగించాడు.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. దూరంగా సైకిలు మీద ఎవరో వొస్తున్నారు. మమ్మల్ని దాటుకుని, మావైపు చూడనైనా చూడకుండా, ఏదో కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోయాడు.